పిల్లల ప్రాజెక్టు పనులు – అంతర్జాల సమాచారము – పంచాయతీల తోడ్పాటు

గూడూరు మండలములోని ఒక ఉన్నత పాఠశాలకు ఇటీవల పనిమీద పోవుట తటస్థించినది. ఎనిమిదవ తరగతి పిల్లలు “మా ఊరు” అను విషయముపై వ్రాసి తెచ్చిన ప్రాజెక్టు కాగితములను ఉపాధ్యాయురాలు బల్లపై పేర్చి చూచుచున్నారు. వానిలో ఒక బాలుడు వ్రాసిన నాలుగు పుటలు ముత్యములు పేర్చినట్లున్నవి. చదివి చూడగా అందలి సంగతులు ఇవి: గూడూరులో పెద్ద రైల్వే జంక్షను కలదు, ఇచ్చటి నిమ్మకాయల మార్కెట్టు మిక్కిలి పేరుపొందినది, చుట్టుపట్ల అభ్రకపు గనులు కలవు.

పాఠశాల కమిటీ పనిమీద వచ్చిన వార్డు సభ్యుడొకరు ఆ కాగితములను అందుకొని చదివి నవ్వు ఆపుకొనలేకపోయిరి. “ఏమిరా అబ్బాయి, మన ఊరికి రైలెప్పుడొచ్చింది? రైలెక్కాలంటే బందరో పెడనో పోతున్నాం గదా! నిమ్మతోట ఏ గట్టు మీద చూశావు?” అని అడిగిరి. బాలుడు తల వంచుకొని, “గూగుల్‌లో ఉంది సార్” అనెను.

బాలుడు అబద్ధము చెప్పలేదు. అంతర్జాలమున ఉన్నదానినే ఒక్క అక్షరము పొల్లుపోకుండ ఎక్కించినాడు. అయితే అది నెల్లూరు ప్రాంతమున, చెన్నపట్నము పోవు రైలుమార్గముపై ఉన్న గూడూరును గూర్చిన సమాచారము. తెలుగునాట గూడూరు అను పేరుగల ఊళ్ళు అనేకములు. కర్నూలు జిల్లాలో ఒకటి కలదు. తెలంగాణలో మహబూబాబాదు జిల్లాలో మరియొకటి కలదు. మన గూడూరు బందరుకు చేరువలో, విజయవాడ రహదారిపై, వరిచేల నడుమ ఉన్న గూడూరు. యంత్రమునకు ఈ భేదము తెలియదు. “గూడూరు” అని అడిగినచో, ఏ గూడూరును గూర్చి ఎక్కువమంది వ్రాసిరో దానిని ముందు చూపును.

ఇది నవ్వి ఊరకుండదగిన సంగతి కాదని ఆ సభ్యునితో మనవి చేసితిని. ఆ మనవినే ఇచ్చట పంచాయతీ సభ్యులందరి ముందు ఉంచుచున్నాను.

పంచాయతీకి దీనితో పనియేమి?

పాఠశాలలలో నేడు పరీక్షలతో పాటు ప్రాజెక్టు పనులు కూడ మూల్యాంకనమున ఒక భాగము. పిల్లలు తమ ఊరిని, కాలువను, పంటలను, చేతివృత్తులను, పెద్దలను గూర్చి స్వయముగ తెలిసికొని వ్రాయవలెనన్నదే వాని ఉద్దేశము. 2020లో కోవిడ్ వలన బడులు మూతపడి పాఠములు సెల్‌ఫోనులోనికి వచ్చిననాటినుండి, తెలిసికొనుట అనగా ఫోనులో వెదకుట అను అలవాటు పిల్లలలో పాదుకొన్నది. ఇది చెడ్డ అలవాటని నేననను. మా చిన్ననాట ఒక్క పుస్తకము కొరకు పట్టణమునకు పోయి గ్రంథాలయమున కూర్చుండవలసి వచ్చెడిది. నేడు జాతీయ డిజిటల్ గ్రంథాలయము మొదలుకొని తెలుగు వికీపీడియా వరకు ఎన్నియో విజ్ఞాన భాండారములు ఇంటి అరుగుమీదనే అందుచున్నవి. లోపమెల్ల ఒక్కచోట ఉన్నది. దొరికిన సమాచారము ఎవరు చెప్పినది, ఎప్పుడు చెప్పినది, వారికెట్లు తెలిసినది అను ప్రశ్నలను పిల్లలు అడుగుట లేదు. అడుగవలెనని వారికి చెప్పువారును తక్కువ.

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 కలవు. ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య వానిలో ఒకటి, గ్రంథాలయములు మరియొకటి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్నును వసూలు చేయుచున్నది పంచాయతీయే. కాబట్టి పిల్లలు ఏమి చదువుచున్నారు, ఎక్కడనుండి తెచ్చి వ్రాయుచున్నారు అనునది ఉపాధ్యాయులకు మాత్రమే సంబంధించిన సంగతి యని త్రోసివేయుటకు వీలులేదు.

ఇంతకంటె దగ్గర కారణము వేరొకటి కలదు. మీ గ్రామమును గూర్చి అంతర్జాలమున నేడు ఉన్న నాలుగు మాటలు ఎవరో ఒకరు వ్రాసినవే. రేపు అచ్చట చేరునవి మీ బడిపిల్లలు వ్రాసినవి కావచ్చును. బాలుడు వ్రాసిన పుటను ఎవరో ఫోటో తీసి పంచుదురు. దానిని చూచి మరియొకరు తమ పుటలో చేర్తురు. మూడవ ఏడు మరియొక బాలుడు ఆ పుటను చూచి ఎక్కించుకొనును. ఒక తప్పు ఈ విధముగ మూడు చుట్లు తిరిగినచో, “మూడు చోట్ల ఉన్నది గనుక నిజమే” అను ధీమా పుట్టును. మూడును ఒక్క తప్పునకు నకళ్ళేయని కనిపెట్టుటకు, ఎవరు ఎవరినుండి తీసికొనిరో వ్రాసియుండవలెను. అది వ్రాసియుండనినాడు తప్పును దిద్దు త్రోవయే మూసికొనిపోవును.

పంచాయతీ సభ్యులకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. తీర్మానమునకు సంఖ్య, తేదీ, ప్రతిపాదించినవారి పేరు, బలపరచినవారి పేరు ఉండవలెను. ఖర్చునకు ఓచరు ఉండవలెను. పొలము సంగతి మాటలాడునపుడు సర్వే నంబరు చెప్పకున్న ఎవరును వినరు. ఓచరు లేని ఖర్చును ఆడిటరు ఒప్పుకొనునా? బాలుని ప్రాజెక్టులోని సమాచారమునకును అట్టి ఓచరు ఒకటి కావలెను. “గూగుల్‌లో ఉన్నది” అనుట “జాబు పోస్టుమాను తెచ్చినాడు” అనుటవంటిది. తెచ్చినవాడు అతడే, వ్రాసినవాడెవడు?

పాత లెక్కలు, పలువిధముల లెక్కలు

కృష్ణా జిల్లాలో 50 మండలములు కలవని నేటికిని కొన్ని పుటలలో కనబడును. అది ఒకప్పుడు నిజమే. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగి, ఎన్.టి.ఆర్. జిల్లా వేరుపడి, బందరు ముఖ్యపట్టణముగా నిలిచిన కృష్ణా జిల్లాకు 25 మండలములు మిగిలినవి. పాత పుటను వ్రాసినవారి తప్పు ఇందేమియు లేదు. పుట ఏనాటిదో చూడనివాడే తప్పు వ్రాయును. గ్రామ జనాభా సంగతియు ఇట్టిదే. తెలుగు వికీపీడియాలోని గ్రామముల పుటలలో కనబడు జనసంఖ్యలు పెక్కు 2011 జనగణనవి. “మా ఊరి జనాభా ఇంత” అని వ్రాయుటకు మారుగ “2011 జనగణన ప్రకారము ఇంత” అని వ్రాసినచో ఆ వాక్యము ఎన్నటికిని తప్పు కానేరదు. రెండు మాటలు చేర్చినంతనే అబద్ధము కాబోవునది నిజమై నిలిచినది.

ఇంతకంటె కఠినమైనది 1977 ఉప్పెన సంగతి. ఆ ఏడు నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచెత్తిన తుపానును గూర్చి వ్రాయని బడిపిల్లలు ఈ ప్రాంతమున ఉండరు. మృతుల సంఖ్య ఎంత? పదివేల ప్రాంతమని ఒకచోట, పదునాలుగు వేలకు మించునని మరియొకచోట, అంతకు ఎన్నో రెట్లని ఇంకొకచోట కనబడును. ఒకే తరగతిలో ముగ్గురు బాలికలు మూడు సంఖ్యలు వ్రాసి, ముగ్గురును తమదే సరియని వాదులాడుకొనిన సంగతి ఉపాధ్యాయురాలు చెప్పిరి. ఆమె ఎవరి సంఖ్యను కొట్టివేయలేదు. ఎవరి సంఖ్య ఎక్కడిదో ఎదుట వ్రాయుడని మాత్రము చెప్పిరి. అట్లు వ్రాయబోగా ఒకరిది ప్రభుత్వ లెక్కయని, ఒకరిది తరువాత వెలువడిన వ్యాసములోనిదని తేలినది. మూడవ బాలిక తన సంఖ్య ఎక్కడిదో చెప్పలేకపోయినది. శవములు సముద్రములో కలిసిపోయినచోట, కుటుంబములకు కుటుంబములే తుడిచిపెట్టుకొనిపోయి ఫిర్యాదు చేయుటకు ఒక్కడు మిగులనిచోట, లెక్కలు ఏకముగ నుండుట కష్టము. పిల్లలు గ్రహింపవలసినది ఈ సంగతియే. ఒక్క సంఖ్యను ఎన్నుకొని తక్కినవానిని దాచిపెట్టుటకంటె, “ప్రభుత్వ లెక్క ఇది, ఇతరుల అంచనా ఇది” యని రెండును చూపుట సత్యమునకు దగ్గర.

అదే తరగతిలో ఒకడు ఉప్పెన వ్యాసమునకు రంగుల ఫోటో అంటించినాడు. అందు కూలిన చెట్టు ప్రక్కన నిలుచున్న మనుష్యుని చేతిలో సెల్‌ఫోను కలదు! 1977లో దివిసీమకు సెల్‌ఫోనులు ఎక్కడివి? అది ఏ తుపానుదో, ఏ ఊరిదో ఎవరికి తెలియును? చిత్రమునుబట్టి దాని మూలమును వెదకు సాధనములు నేటి ఫోనులలోనే కలవు. గూగుల్ లెన్స్ అట్టిది. చిత్రము మొదట ఎచ్చట, ఎప్పుడు వెలువడినదో అది తరచుగ చూపగలదు. పిల్లలకు దీనిని నేర్పుటకు పది నిముషములు చాలును.

పెడన అద్దకము విషయమునను ఇట్టి పొరపాటు సాధారణము. బందరు కలంకారీ యనగా చెక్క అచ్చులతో అద్దునది. శ్రీకాళహస్తిది కలముతో చేత చిత్రించునది. అంతర్జాలమున “కలంకారీ” యని వెదకినచో రెండింటి బొమ్మలును కలగలిసి వచ్చును. అద్దకపు బల్లలు పెడనలో, అనగా మన ఇరుగుపొరుగున ఉండగా, పిల్లవాడు కాళహస్తి బొమ్మను అంటించి “మా ప్రాంతపు కళ” యని వ్రాయుట విచారకరము. ఒక్క ఆదివారము పెడన పోయి అద్దకము వేయువారిని అడిగి వచ్చినచో, ఫోను చెప్పలేని సంగతులు పది తెలియును.

భారత పతాక రూపశిల్పి పింగళి వెంకయ్యగారు పొరుగున మొవ్వ మండలములోని భట్లపెనుమర్రులో జన్మించిరి. వారి జన్మసంవత్సరము కొన్ని చోట్ల 1876 అనియు, కొన్ని చోట్ల 1878 అనియు కనబడుచున్నది. 2022 ఆగస్టు 2వ తేదీన కేంద్ర ప్రభుత్వము వారి 146వ జయంతి జరిపి తపాలా బిళ్ళను విడుదల చేసినది. అనగా 1876ను గ్రహించినది. ఈ మాత్రము వివరము వ్రాసిన బాలునికి, ఒట్టి సంవత్సరము వ్రాసిన బాలునికంటె ఎక్కువ మార్కులు వేయవలెనని నా అభిప్రాయము.

కాలువల సంగతి చెప్పకపోయిన రైతులు ఒప్పుకొనరు. “ప్రకాశం బ్యారేజీని కాటన్ దొర కట్టించెను” అను వాక్యము పిల్లల వ్రాతలలో మాటిమాటికి కనబడును. కాటన్ దొర ధవళేశ్వరమున గోదావరిపై ఆనకట్ట కట్టించినాడు. కృష్ణపై విజయవాడ వద్ద 1852లో ఆరంభించి 1855లో పూర్తిచేసిన ఆనకట్టను దగ్గరుండి కట్టించినవాడు కెప్టెన్ ఓర్. ప్రకాశం బ్యారేజీ స్వాతంత్ర్యము వచ్చిన తరువాతిది, 1957లో ప్రారంభమైనది. ఓర్ పేరు మన డెల్టాలో ఎందరికి తెలియును? ఒకరి శ్రమ మరియొకరి ఖాతాకు ఎట్లు జమపడునో ఇంతకంటె మంచి ఉదాహరణము నాకు తోచుట లేదు.

జవాబులు చెప్పు యంత్రములు

2022 నవంబరులో ఛాట్ జీపీటీ వెలువడిననాటినుండి, వెదకు శ్రమ కూడ లేకుండ అడిగిన ప్రశ్నకు వ్యాసమునే వ్రాసియిచ్చు సాధనములు ప్రబలినవి. ఇవి తెలుగులోను వ్రాయును. వీనివలన ఉపయోగము లేదనుట సరికాదు. తెలియని మాటకు అర్థము అడుగవచ్చును. కఠినమైన పాఠమును సులభముగ చెప్పించుకొనవచ్చును. కాని ఇవి ఎన్నడో చదివిన అసంఖ్యాకములైన వ్రాతలనుండి మాటలు కూర్చి చెప్పునవి. నెల్లూరు ప్రాంతపు గూడూరును, కర్నూలు గూడూరును, మన గూడూరును ఒకే పేరాలో కలిపివేసి, తడబాటు లేకుండ చెప్పగలవు. మూలము అడిగినచో లేని పుస్తకమునకు పేరు పెట్టి చెప్పినను చెప్పును. తడబడక చెప్పువాని మాటను నమ్ముట మనుష్య స్వభావము. పెద్దలమే మోసపోవుచుండగా పిల్లలను అననేల?

ఆ యంత్రము చెప్పినదానిని మూలముగ చూపరాదు. అది పేర్కొన్న పుస్తకమో పుటయో నిజముగ ఉన్నదేమో తెరచి చూచి, ఉన్నచో దానినే మూలముగ చూపవలెను. యంత్రసహాయము పొందినచో ఆ సంగతియు ఒక్క పంక్తిలో వ్రాయవలెను. వ్రాసినందుకు శిక్షించినచో రేపటినుండి దాచుట నేర్చుకొందురు. ఉపాధ్యాయులును తల్లిదండ్రులును ఈ విషయమున మెలకువతో నుండవలెను.

పేరు చెప్పుట మనకు క్రొత్త గాదు

ఒకరి వ్రాతను తీసికొన్నపుడు వారి పేరు చెప్పుట ఎక్కడో పరదేశమునుండి దిగుమతియైన మర్యాద యని కొందరు తలంతురు. నన్నయ భట్టారకుడు భారత రచనలో తనకు తోడ్పడిన నారాయణ భట్టును పేర్కొనెను. కావ్యారంభమున పూర్వకవులను స్తుతించుట మన కవుల పరిపాటి. ఇక మన మొవ్వనే చూడుడు. క్షేత్రయ్య పదము ఏ ఊరిలో ఎవరు పాడినను, అందలి “మువ్వగోపాల” ముద్ర అది ఎవరిదో చెప్పును. నాలుగు వందల ఏండ్లకు చేరువయగుచున్నను ఆ ముద్రవలన పదము తన కర్తను పోగొట్టుకొనలేదు.

చట్టమును ఇదే చెప్పుచున్నది. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము రచన రచయిత జీవితకాలమును, మరణానంతరము 60 ఏండ్లును రక్షింపబడును. రచయిత తన హక్కులను ఇతరులకు అమ్మివేసినను, ఆ రచన తనదని చెప్పుకొను హక్కు అతనియందే నిలుచునని 57వ సెక్షను తెలుపుచున్నది. చదువుకొరకు, పరిశోధనకొరకు న్యాయమైన మేరకు వాడుకొనుటకు ఆ చట్టమే 52వ సెక్షనులో వీలు కల్పించినది. కావున బడిపిల్లలు భయపడవలసినది లేదు. సంగతులు ఎవరి సొత్తును గావు. వానిని చెప్పిన మాటలు మాత్రము చెప్పినవారివి. సంగతిని తన మాటలలో వ్రాసి మూలము చూపవలెను. మాటలే కావలసివచ్చినచో కొటేషను గుర్తులలో ఉంచి పేరు చెప్పవలెను. వికీపీడియాలోని రచన క్రియేటివ్ కామన్స్ అను అనుమతిపై అందరికి ఉచితముగ ఇచ్చినదే, అయినను పేరు చెప్పవలెనన్న షరతు దానికిని కలదు.

ఇచ్చట నా తప్పును ఒకదానిని చెప్పుకొనవలసియున్నది. కొన్ని ఏండ్ల క్రిందట ఒక కరపత్రములో కాలువక్రింది ఆయకట్టును పేర్కొనుచు, ముందరి కరపత్రమునుండి అంకెను ఎత్తి వ్రాసితిని. గ్రామసభలో ఒక వృద్ధ రైతు లేచి, “అయ్యా, ఈ ఎకరాలు ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు?” అని అడిగిరి. నాయొద్ద జవాబు లేదు. ముందరి కరపత్రము వ్రాసినవారు అంతకు ముందరిదానినుండి ఎత్తి వ్రాసిరని తరువాత తెలిసినది. అంకె సరియైనదో కాదో నేటికిని తేల్చలేకపోతిని. పట్టభద్రుడనై, అచ్చు పనిలో ఇన్నేండ్లు గడిపిన నాకే ఈ గతి పట్టినపుడు పదమూడేండ్ల బాలుని తప్పు పట్టుటకు నాకు నోరు రాలేదు.

మూలము వ్రాయు విధము

ఇది పెద్ద విద్య గాదు. ఎవరు, ఏ పేరుతో, ఎచ్చట, ఎప్పుడు – ఈ నాలుగు సంగతులు చాలును. పుస్తకమైనచో రచయిత, గ్రంథనామము, అచ్చైన సంవత్సరము, పుట సంఖ్య. అంతర్జాలపు పుటయైనచో దానిని నడుపువారి పేరు, పుట పేరు, చిరునామా, తాను చూచిన తేదీ. ఈ తేదీ చాల ముఖ్యము. నేడు ఉన్న పుట రేపు మారిపోవచ్చును.

మనుష్యులు చెప్పినదానికిని మూలము వ్రాయవలెను. దీనిని మన పిల్లలు బొత్తిగ మరచుచున్నారు. ఒక బాలిక ఉప్పెన వ్యాసము చివర ఇట్లు వ్రాసినది: “మా నాయనమ్మ, వయస్సు 71 ఏండ్లు, ఆనాడు కోడూరు వైపు అత్తవారింట ఉండెను; దసరా సెలవులలో నాకు చెప్పినది.” ఆ ఒక్క పంక్తితో ఆ వ్యాసమునకు వచ్చిన గౌరవము, పది వెబ్ పుటలనుండి ఎక్కించినదానికి రాలేదు. అయితే చెప్పినవారి అనుమతి లేక వారి పేరుగాని, ఫోటోగాని, ఇంటి సంగతులుగాని అంతర్జాలమున పెట్టరాదు. ఆధార్ సంఖ్య, ఫోను నంబరు వంటివి ఏ పరిస్థితిలోను ప్రాజెక్టు కాగితములకు ఎక్కరాదు.

పంచాయతీ చేయగల పనులు

గ్రామమును గూర్చిన మొదటి మూలము గ్రామ పంచాయతీయే యనుట మరువరాదు. ఇండ్ల సంఖ్య, బోర్లు, వీధిదీపములు, చెరువులు, ఏ పనికి ఎంత ఖర్చైనది – ఇవన్నియు మీ రిజిస్టరులలో కలవు. గ్రామ ప్రణాళికలు, జమాఖర్చులు 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ పుటలలోను చూడవచ్చును. 2005 సమాచారహక్కు చట్టపు 4వ సెక్షను, ఎవరును అడుగకమునుపే సమాచారమును ప్రకటింపుమని అధికార సంస్థలను ఆదేశించుచున్నది. ఇట్లుండగా పిల్లవాడు కార్యాలయమునకు వచ్చి అడిగినచో “పోరా, రేపు రా” అనుట తగదు. నెలలో ఒక సాయంకాలము పిల్లలకొరకు కేటాయించి, వ్యక్తుల సొంత వివరములు లేని లెక్కలను వారికి చూపి, ఏ రిజిస్టరునుండి ఏ తేదీన చూపితిమో వ్రాసియిచ్చినచో, ఆ వ్రాసియిచ్చుటయే వారికి ఒక పాఠమగును.

గ్రంథాలయ పన్ను సంగతి సభ్యులకు తెలిసినదే. వసూలైనది వసూలైనట్లు గ్రంథాలయ సంస్థకు చేరినచో శాఖా గ్రంథాలయములలో పుస్తకములు, పత్రికలు, వీలైనచోట కంప్యూటరు ఉండుటకు ఆస్కారమున్నది. ఇంట్లో ఒకే ఫోను ఉండి, అది తండ్రితో పాటు పొలమునకు పోవు ఇండ్ల పిల్లలకు ఇది ఎంత అవసరమో వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి పిల్లలే గడువు ముందరి రాత్రి ఎవరి ప్రాజెక్టునో చూచి ఎక్కించుచున్నారని ఉపాధ్యాయురాలు నాతో అనిరి. సోమరితనమనుకొన్నది చాలవరకు సౌకర్యము లేమి.

ఆగస్టు 15న బహుమతులిచ్చు పంచాయతీలు, అందమైన చేతివ్రాతకు, రంగుల అట్టకు కాక, మూలములు సరిగ చూపిన ప్రాజెక్టునకు ఒక బహుమతి కేటాయింపవచ్చును. ఖర్చు స్వల్పము.

చిట్టిగూడూరు సంస్కృత కళాశాలవంటి పేరుపొందిన విద్యాస్థానము వెలసిన సీమ ఇది. అంతకు పూర్వపు ప్రతిష్ఠయు మన గూడూరునకు కలదని చరిత్రకారులు కొందరి అభిప్రాయము. బృహత్ఫలాయన వంశపు జయవర్మ ప్రాకృత భాషలో వేయించిన కొండముది తామ్రశాసనములు “కూదూర” నుండి వెలువడినవి. వానిని హుల్ట్‌ష్ పండితుడు ఎపిగ్రాఫియా ఇండికా ఆరవ సంపుటములో ప్రకటించెను. ఆ కూదూర ఈ గూడూరేనని కొందరు, వేరొక ఊరని ఇంకొందరు. రెండవ శతాబ్దమున టాలెమీ పేర్కొనిన “కొడ్డూర” విషయమునను ఇట్టి వాదమే కలదు.

రైలు జంక్షనును మన ఊరికి తెచ్చిన బాలునికి ఉపాధ్యాయురాలు ఈ సంగతి చెప్పి, మరల వ్రాయుమని పంపిరి. పక్షము దినముల తరువాత ఆ కాగితములను చూచితిని. నాలుగు పుటలు రెండున్నర అయినవి. జంక్షను పోయినది, గనులు పోయినవి. కూదూరను గూర్చి, “గూడూరని కొందరు పండితులు అందురు, కాదని కొందరు అందురు” అని వ్రాసి, ఆ సంగతి తనకు చెప్పినది తమ ఉపాధ్యాయురాలని తేదీతో సహా చేర్చినాడు. ఊరిలోని ఇండ్ల సంఖ్య అని వ్రాసి, దాని ఎదుట ఖాళీ విడిచినాడు. ఏమిరా యని అడుగగా, “అంతర్జాలములో ఉన్నది పాతది సార్, పంచాయతీలో అడిగాను, సోమవారం ఇస్తామన్నారు” అనెను. సోమవారము గడచి రెండు దినములైనది. ఆనాడు నవ్విన వార్డు సభ్యుడు కూడ అచ్చటనే ఉండిరి. ఆ కాగితమును మడిచి జేబులో పెట్టుకొని, కార్యదర్శిని కలిసి వత్తునని సైకిలెక్కి పోయిరి.